క్రీడాద్వారంలో దానయ్య పడవ

కంప్యూటరులో ఆడే ఆటలన్నీ ఇకమీదట క్రీడాద్వారం గుండానే తెరుచుకోవాలని ఉత్తర్వు వచ్చిన రోజున కాకినాడలో ఎవరూ కంగారు పడలేదు. ఉత్తర్వు ఎవరికీ అర్థం కాకపోవడమే అందుకు కారణం. "వినియోగదారుని క్రీడానుభూతిని ఏకగవాక్షీకరించే దిశగా" అని మొదలై, "తద్విరుద్ధమైన సమస్త క్రీడనమూ అక్రీడనముగా పరిగణింపబడును" అని ముగిసింది. మధ్యలో ఉన్నది పత్రికలవాళ్ళు వెయ్యలేదు.

సంగతేమిటంటే, అంతకుముందు మనిషి డిస్కు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుని కంప్యూటరులో పెట్టగానే ఆట వచ్చేది. ఇది చాలా ప్రమాదకరమైన పరిస్థితి అని రాష్ట్ర అంకాత్మక క్రీడా వితరణ ప్రాధికార సంస్థవారు కనిపెట్టారు. అంకాత్మకమంటే డిజిటల్ అని వాళ్ళ ఉద్దేశం. మనిషికీ ఆటకీ మధ్య ఎవరూ లేకుండా నేరుగా సంబంధం ఏర్పడిపోతోంది. దాన్ని అరికట్టడానికి క్రీడాద్వారం అనే కంప్యూటరు కార్యక్రమం తయారుచేశారు. ముందు అది తెరవాలి. అది మన పేరు అడుగుతుంది, ఫోనుకి అంకెలు పంపుతుంది, ఆ అంకెలు చెప్పమంటుంది, చెప్పాక తనని తాను కొత్తగా మార్చుకుంటానని కాసేపు కూర్చోబెడుతుంది. ఆ తర్వాత మన మీద నమ్మకం కుదిరితే ఆట తెరుస్తుంది.

ఓలేటి హైమావతి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెబుతుంది. రెండు వేసవి సెలవులు ఖర్చుపెట్టి ఆవిడ సొంతంగా ఒక ఆట తయారుచేసింది. పేరు 'మడదారి'. కోరంగి మడ అడవిలో సన్నటి పాయల వెంట పడవని నడుపుకుంటూ అవి సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి, పాటు వచ్చి నీళ్ళు తీసేలోపు వెనక్కి రావాలి. అంతే ఆట. తుపాకులు లేవు, రాక్షసులు లేరు. బురద ఉంది. పడవ వెనక నుంచి ఒక మగగొంతు దారి చెబుతూ ఉంటుంది. "ఎడం పక్కకి తిప్పు. ఆ పక్కకే. అటు మెరకుందే, కళ్ళెక్కడెట్టుకున్నావ్?" ఆ గొంతు హైమావతి మేనమామ దానయ్యది. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆ పాయల్లోనే. హైమావతి ఫోను పట్టుకుని ఆయన పడవలో తిరిగి ఆ మాటలన్నీ రికార్డు చేసింది. ఆట పూర్తయిన ఏడాదే ఆయన గుండెపోటుతో పోయాడు.

దానయ్య భార్య నూకరత్నం ప్రతి ఆదివారం మధ్యాహ్నం కోరంగి నుంచి బస్సెక్కి వచ్చేది. చేపలో రొయ్యలో తెచ్చి వంటింట్లో పడేసి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చునేది. మొగుడి గొంతు ఎడం పక్కకి తిప్పమంటే ఆవిడ కుడి పక్కకి తిప్పేది. పడవ బురదలో దిగబడేది. దానయ్య తిట్లు అందుకునేవాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది.

"కాపరం సేసినన్నాళ్ళూ ఈయన సెప్పినట్టే ఇన్నానే. ఇప్పుడు ఇనను. ఏం సేత్తాడో సెయ్యమను," అనేది హైమావతితో.

అలా వారం వారం మొగుడితో గొడవ పెట్టుకుని, మనసు తేలికపడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది.

ఈ ఇంట్లో క్రీడాద్వారాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి హైమావతి భర్త త్రినాథ్. రొయ్యల మేత కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. అతనికి ఆటలంటే ప్రాణం. ముఖ్యంగా కొనడమంటే. క్రీడాద్వారంలో ధర తగ్గిందని గంట మోగితే చాలు, అన్నం మీంచి లేచి వెళ్ళి కొనేసేవాడు. అలా కొన్నవన్నీ 'నా గ్రంథాలయం' అనే చోట వరసగా నిలబడి ఉండేవి. వందలున్నాయి. వాటిలో అతను ఆడినవి నాలుగో అయిదో.

"డిస్కుకి గీత పడిందంటే ఆట పోయినట్టే. ఇక్కడ గీతలు పడవు," అనేవాడు ఉప్మా తింటూ. "రేపు మనకి బదిలీ అయిందనుకో. అలమరా మోసుకెళ్ళక్కర్లేదు. పేరు కొడితే మొత్తం వచ్చేస్తుంది. పైగా చూడు, మనవాళ్ళలో ఎవరు ఆడుతున్నారో పేర్లు పచ్చగా కనిపిస్తాయి."

"అందరివీ పచ్చగానే ఉన్నాయి కదండీ, మరి ఎవరితోనూ ఆడరేం?"

"ఎవరికి తీరికుంది హైమా? అందరం కొనుక్కోవడంలో ఉన్నాం."

"నాకెందుకో మన అలమరాలో ఉంటేనే మనది అనిపిస్తుందండీ."

"నువ్వింకా పాతకాలంలోనే ఉన్నావు," అని అతను జాలిపడ్డాడు.

పాత డిస్కులన్నీ స్వాధీనం చెయ్యాలని రెండో ఉత్తర్వు వచ్చింది. టౌన్‌హాల్లో శిబిరం పెట్టారు, సన్నాయి మేళం పిలిపించారు. జనం సంచుల్లో డిస్కులు తెచ్చి ఇచ్చి, బదులుగా మజ్జిగ పొట్లం పుచ్చుకున్నారు. త్రినాథ్ ఇంట్లో ఉన్న ప్రతి డిస్కూ తీసుకెళ్ళాడు. అందులో 'మడదారి'వి కూడా ఉన్నాయి. 'మార్గదర్శక పౌరుడు' అని రాసిన బిళ్ళ చొక్కాకి పెట్టుకుని వచ్చాడు. అది సాయంత్రానికి ఊడిపోయింది.

హైమావతి అతన్ని పెద్దగా ఏమీ అనలేకపోయింది. ఎందుకంటే ఆవిడకీ లోపల ఒక ఆశ ఉంది. అప్పటిదాకా 'మడదారి'ని తనే డిస్కుల్లోకి ఎక్కించి, కాలేజీ గేటు దగ్గర తెలిసినవాళ్ళ చేతిలో పెట్టేది. తీసుకున్నవాళ్ళు ఆడారో, కింద పెట్టి టీ గ్లాసు పెట్టుకున్నారో తెలిసేది కాదు. క్రీడాద్వారంలో పెడితే ఎక్కడెక్కడికో వెళ్తుంది. పెట్టింది. నిజంగానే వెళ్ళింది. వేలమంది ఆడారు. ఆదిలాబాదు నుంచి ఎవరో రాశారు: "నేను సముద్రం ఎప్పుడూ చూడలేదండి. మీ పడవలో మొగ దాకా వెళ్ళి చూశాను. పెద్దాయన తిట్లు మా తాతయ్య తిట్లలాగే ఉన్నాయి." హైమావతి అది పదే పదే చదువుకుంది. ఆదివారం నూకరత్నానికి చదివి వినిపిస్తే ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "సూసేవా, సచ్చిపోయినా ఊళ్ళోవాళ్ళని తిట్టడం మానలేదు," అంది.

అందుకని క్రీడాద్వారాన్ని చెడ్డదని హైమావతి ఎన్నడూ అనలేదు. అది తెరుచుకున్నంతసేపూ బాగానే ఉంది.

ఒకరోజు ఆటలో పాటు త్వరగా తీసేస్తోందని ఎవరో రాస్తే, చూసి సరిచేద్దామని ఆవిడ 'మడదారి' తెరవబోయింది. "ఈ ఆట మీ గ్రంథాలయంలో లేదు" అని వచ్చింది. కంప్యూటరులో తన సొంత ప్రతి ఉండాలి కదా అని వెతికితే అదీ లేదు. క్రీడాద్వారం ఇల్లంతా ఊడ్చి, 'గుర్తింపు లేని నకళ్ళు' తీసేసిందట. తీసేసినందుకు ధన్యవాదాలు కూడా చెప్పింది. హైమావతి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"ఆట మీరు కొన్నారా మేడమ్?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"లేదండి. నేను రాశాను."

"రాయడం వేరండి, కొనడం వేరండి. కొనని ఆట ఆడడానికి వ్యవస్థ ఒప్పుకోదండి."

"నాది నేను కొనుక్కోవాలా?"

"మీకు అభిమాన రచయిత అనిపిస్తే పూర్తి ధర కూడా ఇవ్వొచ్చండి. లేదంటే శుక్రవారం దాకా ఆగండి, తగ్గుతుంది."

శుక్రవారం దాకా ఆగలేక కొనుక్కుంది. "అభినందనలు. ఈ రచయిత ఆటల్లో ఇది మీ మొదటి కొనుగోలు" అని క్రీడాద్వారం మెచ్చుకుంది.

ఆట తెరిచి, లోపం ఎక్కడుందో చూద్దామని పడవని గబగబా నడిపింది. ఎక్కడా దిగబడకుండా మొగ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఒడ్డు చేరేలోపే తెర ఎర్రబడింది. "మీ క్రీడనంలో అసహజ నైపుణ్యము గుర్తింపబడినది. మీ గృహ ప్రాంగణమునకు క్రీడాద్వారము మూసివేయబడినది. విచారణకు హాజరు కావలెను."

జిల్లా ఆటల వితరణాధికారి ఉమామహేశం గారి కార్యాలయం పాత పశువుల ఆసుపత్రి మేడమీద. ఆయన గదిలో కంప్యూటరు లేదు. "నిష్పాక్షికత కోసం నేను ఇంతవరకు ఏ ఆటా ఆడలేదు," అని ఆయన ముందే చెప్పారు. పక్కన గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు.

"మూడో వంపు దగ్గర నీటి కింద మొద్దు ఒకటున్నది. అది పైకి కనబడదు. నిజమేనా?" అని అడిగారు అధికారి.

"నిజమేనండి."

"సగటు వాడుకరి దానికి ఏడెనిమిదిసార్లు గుద్దుకున్న పిమ్మట గాని తెలుసుకొనడు. తమరు ప్రథమ ప్రయత్నంలోనే పక్క నుంచి పోయారు. అక్కడ మొద్దున్నదని తమకు ముందే తెలుసునా?"

"తెలుసండి."

"ఎట్లు తెలుసు?"

"నేనే పెట్టానండి."

ఉమామహేశం గారు గుమాస్తా వైపు తిరిగి, "నేరాంగీకారం అని రాయండి," అన్నారు.

"అయ్యా, ఆ ఆట తయారుచేసింది నేనండి. ఎక్కడేముందో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"చూడండమ్మా," అన్నారాయన, చాలా మర్యాదగా. "సృష్టికర్తగా తమరు మాకు పూజ్యులు. వాడుకరిగా తమరు అనుమానితులు. ఈ రెండు హోదాలనూ తమరు ఒకే కుర్చీలో కూర్చోబెట్టడం వల్లనే ఈ సమస్య ఉత్పన్నమైనది."

"ఇప్పుడు నేనేం చెయ్యాలండి?"

"నెలరోజుల నిషేధం పూర్తి కావాలి. ఆ పిమ్మట, సదరు ఆటను గురించి తమకు ఏమియూ తెలియదని ఒక ఉన్నతోద్యోగి ధ్రువీకరించవలె. దానిని అజ్ఞాన ధ్రువీకరణ పత్రమంటారు."

ఆ పత్రం దొరకడం కష్టమవుతుందని హైమావతి భయపడింది గాని, కాలేజీ ప్రిన్సిపాల్ గారు వెంటనే సంతకం పెట్టారు. హైమావతికి ఏమీ తెలియదని రాయడానికి ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. ఆట గురించి అన్న మాట కూడా కొట్టేసి, మొత్తంగా రాసిచ్చారు.

ఆ నెలంతా ఇంట్లో ఎవరూ ఏ ఆటా తెరవడానికి లేదు. త్రినాథ్ కంగారుపడి అడిగితే, కొనుగోళ్ళకు నిషేధం వర్తించదని సహాయ కేంద్రంవాళ్ళు భరోసా ఇచ్చారు. అతను స్థిమితపడి, ఆ నెల మామూలుగానే గడిపాడు.

నూకరత్నానికి అలా గడవలేదు. ప్రతి ఆదివారం చేపలు పట్టుకుని వచ్చేది. గుమ్మంలోనే, "తలుపు తీసేరా?" అని అడిగేది. "లేదత్తా," అంటే కాసేపు నల్లగా ఉన్న తెర ముందు కూర్చుని లేచిపోయేది. చూడలేక హైమావతి ఒకసారి తన ఫోనులో మిగిలిన దానయ్య రికార్డులు వినిపించింది. కంప్యూటరంతా ఊడ్చిన క్రీడాద్వారం ఫోను జోలికి రాలేదు. నూకరత్నం రెండు మాటలు విని ఫోను తిరిగి ఇచ్చేసింది.

"బానే ఉందే. ఇనడానికి బానే ఉంది. కానీ మజ్జిలో నేనేం సెయ్యాలి? ఆయన మానాన ఆయన మాటాడుకుంటన్నాడు."

దానయ్య గొంతు వినడం కోసం ఈవిడ రావడం లేదని హైమావతికి అప్పుడు అర్థమైంది. ఆయన మాట కాదనడం కోసం వస్తోంది.

నిషేధం తీరిన ఆదివారం హైమావతి పొద్దున్నుంచే క్రీడాద్వారం తెరిచి ఉంచింది, అది ముస్తాబు కావడానికి పట్టే సమయం లెక్కలోకి తీసుకుని. నూకరత్నం వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, కూర్చుంది. పడవ కదిలింది. మొదటి వంపు వచ్చింది. నూకరత్నం అలవాటుగా కుడి పక్క మీట మీద వేలు పెట్టుకుని మొగుడి కేక కోసం చెవి ఒగ్గింది.

"దయచేసి వామ దిశకు మరలండి," అంది ఒక ఆడగొంతు, తేనెలో ముంచి తీసినట్టు. "మీ జలయానము శుభప్రదమగు గాక."

నూకరత్నం వేలు మీట మీదే ఉండిపోయింది. ఆవిడ తెర వైపు చూసింది, పడవ వెనక భాగం చూసింది, హైమావతి వైపు తిరిగింది.

"ఎవత్తే ఇది? నా మొగుడి పడవలో కూకుంది?"

హైమావతి ఆట ఆపి, తనకి వచ్చిన సందేశాలన్నీ తిరగేసింది. నిషేధంలో ఉండగా ఒకటి వచ్చి ఉంది. "మీ ఆటయందు కొన్ని అనాగరిక ధ్వనులు గుర్తింపబడి, భాషా ప్రమాణీకరణ పథకము క్రింద సంస్థ ఖర్చుతో సరిదిద్దబడినవి. అభినందనలు." పాత ప్రతి కావాలని నొక్కితే, క్రీడాద్వారంలో ఎప్పుడూ సరికొత్తదే ఉంటుందని జవాబు వచ్చింది. పాతదానితో ఎవరికైనా ఏం పని అని కూడా అడిగింది. కింద నొక్కడానికి నాలుగు నవ్వు మొహాలు ఉన్నాయి.

మర్నాడు నూకరత్నం హైమావతిని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రి మెట్లెక్కింది.

"మా ఆయన్ని ఎక్కడెట్టేరు?" అని అడిగింది ఉమామహేశం గారిని.

"తప్పిపోయినవారి ఫిర్యాదులు పోలీసు వారికమ్మా."

హైమావతి జరిగింది చెప్పింది. అధికారి శ్రద్ధగా విని, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఆ కంఠస్వరములో 'కళ్ళెక్కడెట్టుకున్నావ్' వంటి ప్రయోగములున్నవని నివేదిక. రాష్ట్రవ్యాప్త వాడుకరికి అది ఆమోదయోగ్యం కాదు. నూతన కంఠమును నిపుణుల సంఘం ఎంపిక చేసింది. ఆమె వార్తలు చదివి ఉన్నారు."

"కానీ నేను కొనుక్కున్న ఆటలో ఆయన గొంతుంది కదండి," అంది హైమావతి.

"ఇక్కడే తమరు పొరబడుతున్నారు. తమరు ఆటను కొనలేదు. ఆట ఆడగలనన్న ఆశను కొన్నారు. ఆ ఆశను సంస్థ ఎన్నడూ తమ నుండి తీసుకోలేదు."

నూకరత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యా, నేను సేపలమ్ముతాను. ఓ పండుగప్ప నీకమ్మేననుకో. అది నీది. పులుసెట్టుకుంటావో, పిల్లికేత్తావో నీ ఇట్టం. మర్నాడు మీ వంటింట్లోకొచ్చి, కుండలో ముక్క తీసేసి, అందులో బెండకాయెట్టి, ఇదే మంచిదీ తినూ అని పోతానా? పోతే నువ్వు ఊరుకుంటావా?"

ఉమామహేశం గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖంలో ఏదో కదిలినట్టు కూడా కనిపించింది.

"చేప అంకాత్మకం కాదు," అన్నారు చివరికి.

గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.

"పోనీ, నేను వేరే ప్రతి తయారుచేసి ఇంట్లోనే పెట్టుకుంటానండి. క్రీడాద్వారంతో పని లేకుండా," అంది హైమావతి.

"వీలుకాదు. ఆట అయిన ప్రతిదీ ద్వారం గుండానే రావాలి."

"ఆట అంటే ఏమిటండి, నిబంధనల్లో?"

ఆయన పుస్తకం తీసి చదివారు. "వాడుకరి మీట నొక్కిన పిమ్మట, ఫలితమేమగునో ముందుగా తెలియని ఏ కార్యక్రమమైననూ ఆట." చదివి, కొంచెం దిగులుగా చెప్పారు. "ఈ నిర్వచనం క్రింద ఈ నెల నుండి రైలు టిక్కెట్లు, పరీక్ష ఫలితాలు, పింఛను దరఖాస్తులు కూడా మా పరిధిలోనికి వచ్చినవి. నిన్న మా బావగారు టిక్కెట్టుకు ప్రయత్నించగా, దొరకలేదు గాని, 'పట్టువదలని వీరుడు' అని పతకం వచ్చింది. పని ఒత్తిడి చాలా పెరిగినదమ్మా."

హైమావతి మెట్లు దిగుతూ ఆ నిర్వచనాన్ని లోలోపల మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఫలితం ముందుగా తెలియనిదైతే ఆట. తెలిసిపోతే ఆట కాదు. ఆట కాకపోతే ద్వారం అక్కర్లేదు.

ఆ వారమంతా కాలేజీ నుంచి వచ్చాక కూర్చుని, ఫోనులో ఉన్న దానయ్య మాటలు ఏరి, 'మడదారి'ని మళ్ళీ కట్టింది. పాయలు అవే, మడచెట్లు అవే. కానీ ఇందులో మీటలు పనిచెయ్యవు. దానయ్య ఎడం పక్కకి అంటే పడవ ఎడం పక్కకే పోతుంది. కుడి అంటే కుడికి. మొద్దుకి తగలదు, బురదలో దిగదు. ప్రతిసారీ మొగ దాకా వెళ్ళి, పాటు తీసేలోపు వెనక్కి వచ్చేస్తుంది. క్రీడాద్వారం దాన్ని అటూ ఇటూ వాసన చూసి, ఆట కాదని వదిలేసింది.

ఆదివారం నూకరత్నం కూర్చుంది. దానయ్య గొంతు గదిలో ఖంగున మోగింది. "ఎడం పక్కకి తిప్పు!"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. గబుక్కున కుడి మీట నొక్కింది. పడవ ఎడం పక్కకి పోయింది. మళ్ళీ నొక్కింది. పడవ బుద్ధిగా పాయలో సాగిపోతోంది.

"ఇదేంటే? మాట ఇంటంలేదు."

"మావయ్య మాట వింటోందత్తా. అలా చేస్తేనే తెరుచుకుంటోంది."

"మరి నేనేం సెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. చూడ్డమే."

నూకరత్నం ఇంకో రెండు వంపులు చూసింది. దానయ్య చెప్పడం, పడవ వినడం. ఆయనకి తిట్టే అవసరమే రాలేదు. సగం దారిలో ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఈయన సెప్పడం, అది ఇనడం. మజ్జిలో నేనెందుకే? బతికుండగానూ ఇదే సరిపోయింది," అని సంచీ తీసుకుని, పెందలాడే బస్సుకి వెళ్ళిపోయింది. హైమావతి తెర మీద పడవ ఒంటరిగా మొగ చేరుకుని, వెనక్కి తిరిగి, ఒడ్డుకి వచ్చి ఆగేదాకా చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళుగా తను చేసిన పనుల్లో ఇంత తప్పులేనిదీ, ఇంత పనికిరానిదీ ఇంకోటి లేదనిపించింది.

ప్రాధికార సంస్థవారికి అలా అనిపించలేదు.

ఆ కొత్త ప్రతి సంగతి, దాన్ని వాసన చూసిన క్రీడాద్వారమే వాళ్ళకి చేరవేసింది. జరిమానా వేస్తారేమోనని హైమావతి అనుకుంటూ ఉండగా, ఉమామహేశం గారే స్వయంగా ఇంటికి వచ్చారు, వెంట పళ్ళబుట్టతో.

"తమరు చరిత్ర సృష్టించారమ్మా," అన్నారు, కూర్చోకుండానే. "ఇంతకాలం మాకు వస్తున్న ఫిర్యాదులన్నిటినీ సంస్థ విశ్లేషించింది. ఆట తెరుచుకోలేదు, ఆగిపోయింది, మోసం జరిగింది, ఓడిపోయాను. వీటన్నిటికీ మూలకారణం ఒక్కటేనని తేలింది. ఆటగాడు! తమరు ఆయనను తొలగించారు. మోసం లేదు, ఓటమి లేదు, అసంతృప్తి లేదు. ఇకమీదట క్రీడాద్వారంలోని సమస్త క్రీడలనూ ఈ పద్ధతిలోనికి మార్చుటకు ఉత్తర్వు వెలువడినది. ఆదివారం టౌన్‌హాల్లో తమకు సన్మానం."

"ఎవరూ ఆడని ఆటలు ఎందుకండి?"

"ఆడనవసరం లేదు. వాటంతట అవే ఆడుకొని, గెలిచి, పతకములు వాడుకరి పేరిట జమచేయును."

పక్క గదిలోంచి త్రినాథ్ పరుగున వచ్చాడు. "పాత కొనుగోళ్ళకీ వర్తిస్తుందాండి?"

"సమస్తమునకూ."

త్రినాథ్ కళ్ళు చెమర్చాయి.

ఆదివారం సన్మానానికి హైమావతి వెళ్ళలేదు. ఆవిడ తరఫున త్రినాథ్ వెళ్ళి శాలువా కప్పించుకున్నాడు. ఉమామహేశం గారు గంటసేపు మాట్లాడారు. అది జరుగుతుండగానే ఇంట్లో త్రినాథ్ గ్రంథాలయంలోని ఆటలు ఒకటొకటిగా తెరుచుకుని, ఆడుకుని, గెలిచి, మూతపడసాగాయి. చొక్కా జేబులో ఫోను పతకం పతకానికీ గంట కొడుతూనే ఉంది. కొత్త పద్ధతి ఎలా ఉందని పత్రికవాళ్ళు అడిగితే, తనకి పెద్దగా తేడా ఏమీ తెలియలేదని త్రినాథ్ నిజాయితీగా చెప్పాడు.

ఆ సమయానికి హైమావతి కోరంగి పాయలో ఉంది. దానయ్య తమ్ముడి పడవ అడిగి తీసుకున్నారు. నూకరత్నం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వెనక నిలబడి గెడ వేస్తోంది. హైమావతి ముందు కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో వంపు దగ్గరికి రాగానే ఆ వంపుకి దానయ్య చెప్పిన మాట వెతికి నొక్కుతోంది. "ఎడం పక్కకి," అని ఆయన అరవడం, "ఊఁ, నాకు తెల్సులే," అని నూకరత్నం గెడ కుడి పక్కకి తొయ్యడం. మొదటి రెండు వంపుల్లో నీళ్ళు నిండుగా ఉండి ఏమీ కాలేదు. నూకరత్నం గర్వంగా చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తే బాగుండుననిపించినట్టు. మడచెట్ల మీద కొంగలు తప్ప ఎవరూ లేరు.

ఆ ఉత్సాహంలో ఇద్దరూ దారి చూసుకోలేదు. పడవ ఒక సన్నటి పాయలోకి దూరి, మెత్తగా, చప్పుడు లేకుండా బురదలో కూర్చుంది. నూకరత్నం గెడతో ఒకసారి తోసింది, రెండోసారి ఒళ్ళంతా బరువేసి తోసింది. గెడ మోకాలి లోతు దిగింది గాని పడవ కదల్లేదు. నీళ్ళు వెనక్కి పోతున్నాయి.

"పోటొచ్చేదాకా ఇక్కడేనే," అంది గెడ పడవలో పడేసి చతికిలబడుతూ. చెమట తుడుచుకుంది. ఆవిడ ముఖం కళకళలాడిపోతోంది. "ఏదీ, ఇప్పుడు తిట్టించు."

హైమావతి ఫోనులో పై నుంచి కింద దాకా వెతికింది. మళ్ళీ వెతికింది.

"ఈ పాయలోకి మావయ్యతో నేనెప్పుడూ రాలేదత్తా. ఇక్కడ ఆయన ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"లేదు."

నూకరత్నం కాసేపు బురద మీద పరుగులు తీస్తున్న చిన్న చిన్న పీతల వైపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది. వీపు నిటారుగా చేసి, గెడ అందుకుని దానయ్య పట్టుకున్నట్టు చంకలో పెట్టుకుని, దానయ్య గొంతుతో తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. బుర్ర ఉందా అని మొదలై, కళ్ళ మీదికీ, చేతుల మీదికీ, పుట్టింటివాళ్ళ మీదికీ వెళ్ళాయి తిట్లు. మధ్యలో తన గొంతుతో తనే ఎదురు జవాబులు చెప్పింది. హైమావతి నవ్వు ఆపుకోలేక పడవ అంచు పట్టుకుంది. కొంగలు లేచిపోయాయి.

పోటు తిరిగి వచ్చి పడవ తేలేదాకా నూకరత్నం ఆపలేదు. ఆ తిట్లలో ఒక్కటి కూడా ప్రామాణిక భాషలో లేదు.